ఈసారి ఏ రొట్టె పట్టుకోవాలి?

స్వర్ణాల గట్టు (నెల్లూరు) | ఆదివారం, రాత్రి 10.40

రెండేళ్ల కిందట మా అబ్బాయికి జర్మనీలో సీటు రావాలని బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో దిగి విదేశీ రొట్టె పట్టుకున్నాను. బయటి ఊళ్ల వాళ్ల కోసం చెబుతున్నాను. మొహర్రం నెలలో మా స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. తీరాక వాళ్లూ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంత ఇంటి రొట్టె... మతం ఎవరూ అడగరు, ఏ రొట్టె అని మాత్రమే అడుగుతారు.

మావాడు వెళ్లాడు. అంతకు ముందే అమ్మాయి పెళ్లయి పుణెలో ఉంది. ఈసారి మొక్కు తీర్చుకుందామని నాలుగు రొట్టెలు చేసుకుని వెళ్లాను. బుచ్చి నుంచి వచ్చిన ఒకావిడ నా చేతిలో రొట్టె అందుకుని కళ్లకద్దుకుంది. "మరి మీకు ఏ రొట్టె కావాలమ్మా?" అంది. చుట్టూ అందరూ తమ తమ రొట్టెల పేర్లు కేకలు వేస్తున్నారు. నాకు ఒక్క పేరూ తోచలేదు. మిగిలిన మూడు రొట్టెలు కొంగులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

నాకు 47. ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో తప్పాను, ఆ ఎండాకాలమే పెళ్లి. మా ఆయనకు ఎరువుల కొట్టు, ఉదయం తొమ్మిదికి వెళితే రాత్రి తొమ్మిది. ఇద్దరికి ఎంత బియ్యం పోయాలో ఇప్పటికీ చేతికి రాలేదు. మిగిలిన అన్నంతో వడియాలు పెడుతున్నాను. తినేవాళ్లు లేక ఆ డబ్బాలూ నిండాయి.

గుడికి వెళ్లు, సీరియళ్లు చూడు అనే సలహాలు మా అక్కచెల్లెళ్లు ఇప్పటికే ఇచ్చారు. ఇంకేమైనా ఉంటే చెప్పండి.


కందుకూరు కోడలు | ఆదివారం, రాత్రి 11.05

ఇంకో పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి పచ్చళ్ల వ్యాపారం పెట్టమంటారు. అందుకే నేనే ముందు వచ్చాను. పెట్టకండి అక్కా.

నాలుగేళ్ల కిందట మా రెండోవాడు హాస్టల్లో చేరిన నెలలోనే నేను పెట్టాను. మొదటి వేసవిలో 60 కిలోల ఆవకాయ కలిపాను. అందులో 22 కిలోలు బంధువులు రుచి చూస్తామని పట్టుకెళ్లారు. రుచి బాగుందని ఫోన్లు చేశారు, డబ్బు మాట ఒక్కరూ ఎత్తలేదు. పదకొండు సీసాలు పార్సిల్‌లో పగిలాయి. హైదరాబాద్‌లో ఒకావిడ అట్టపెట్టె విప్పి ఫోటో పంపింది. ఎర్రటి నూనెలో గాజు పెంకులు తేలుతున్నాయి. డబ్బు వెనక్కి పంపాను. మూడు రోజులు ఫోను మోగితే గుండె దడదడలాడేది. నా కూలి లెక్క వేసుకోకుండానే ఏడు వేలు నష్టం.

తర్వాత పొడులకు మారాను. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల కారం. పొడి కారదు, పగలదు, తూకానికి తేలిక. ఆహార భద్రత వాళ్ల చిన్న రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో నేనే చేసుకున్నాను. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయలు. అమ్మకం ఏడాదికి 12 లక్షల లోపు ఉంటే అది చాలన్నారు. బంధువులకు కూడా డబ్బు చేతికి వచ్చాకే పొట్లం ఇస్తున్నాను, ఇద్దరు వదినలు మాట్లాడటం మానేశారు. ఇప్పుడు నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు మిగులుతుంది. నా పేరు మీద ఖాతా ఉంది. అది చిన్న విషయమని నేను అనను.

కానీ మీరు అడిగింది డబ్బు గురించి కాదు కదా. తెల్లవారుజామున కందిపప్పు వేయిస్తూ నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. పిల్లలు వెళ్లిపోయారు, నేను మాత్రం పొయ్యి దగ్గరే ఉన్నాను. అప్పుడు నలుగురికి వండేదాన్ని, ఇప్పుడు ఊరందరికీ వండుతున్నాను.


పెన్నా ఇసుక (కోవూరు) | సోమవారం, ఉదయం 6.15

వడియాలు ఎక్కువైతే కోవూరు పంపండి.


నిర్వాహకులు | సోమవారం, ఉదయం 9.00

ఇంట్లో కూర్చుని నెలకు లక్ష సంపాదించవచ్చు అన్న టపాను తొలగించాము. ఈ వారంలో ఇది మూడోది.


టంగుటూరు సిస్టర్ | సోమవారం, మధ్యాహ్నం 2.20

నేను నర్సుగా చేరి ఇరవై ఆరేళ్లయింది. 47 అన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. పిల్లలు ఇల్లు దాటే వయసూ, మనకు నెలసరి ఆగే వయసూ సరిగ్గా ఒకేసారి వస్తాయి. వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆగినట్టు లెక్క. దానికి ముందు కొన్నేళ్లు ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. అన్నింటినీ "పిల్లలు గుర్తొస్తున్నారు" ఖాతాలో వేసేస్తాం.

నేనూ వేశాను. మా అమ్మాయి విశాఖ వెళ్లాక ఆరు నెలలు కాళ్లీడ్చుకుంటూ తిరిగాను. ఎవరో రోగికి రాసిన పరీక్ష చూసి నాకూ చేయించుకుంటే థైరాయిడ్ అని తేలింది. సగం థైరాయిడ్, సగం కూతురు. మొదటి సగానికి మాత్ర ఉంది.

ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు పోకపోయినా, తిండీ నిద్రా తప్పినా డాక్టరును కలవండి. ఇంట్లో చెప్పుకోవడానికి ఇబ్బంది అనిపిస్తే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రభుత్వానిదే, డబ్బులేమీ కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.


ఒంగోలు మాస్టారు | సోమవారం, సాయంత్రం 5.45

అమ్మా, మీ టపాలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "లెక్కల్లో తప్పాను." ముప్ఫై ఏళ్ల నాటి సంగతి. ఇక్కడ ఎవరూ అడగలేదు, అయినా రాశారు.

సార్వత్రిక విద్యాపీఠం, అదే ఓపెన్ స్కూల్, ఉంది. 1991లో మొదలైంది. పది, ఇంటర్ రెండూ చదవవచ్చు. గరిష్ఠ వయోపరిమితి లేదు. మీరు లెక్కలు తీసుకోనక్కరలేదు. తెలుగు, చరిత్ర, ఎకనామిక్స్ లాంటివి ఎంచుకోవచ్చు. అన్ని పేపర్లూ ఒకే ఊపులో రాయాలని కూడా లేదు, ఈసారి రెండు, పైసారి రెండు అన్నా నడుస్తుంది. పాత మార్కులు ఏవైనా కలుస్తాయేమో దగ్గర్లోని కేంద్రంలో అడగండి.

62కు పదవీ విరమణ చేసేవరకూ ఈ పరీక్షలకు ఇన్విజిలేటరుగా వెళ్లేవాణ్ణి. ఒకసారి గేటు దగ్గర ఒకావిడను ఆపి "తోడు వచ్చినవాళ్లు బయటే ఉండాలమ్మా" అన్నాను. ఆవిడ సంచిలోంచి హాల్‌టికెట్ తీసి చూపించింది. పొగాకు బారన్లలో పనిచేసే మనిషి, వేలి కొసలు నల్లగా ఉన్నాయి. ఆ ఏడాది అంతా నాకు సిగ్గుగా ఉండేది.

మన నెల్లూరు పొణకా కనకమ్మగారు బడి ముఖం చూడలేదు. ఇంట్లోనే చదువుకుని, 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు.


ఒంటరి కాకి (ఒంగోలు) | సోమవారం, రాత్రి 8.30

మాస్టారూ, కనకమ్మగారంటే నాకూ గౌరవమే. కానీ అప్పుడు ఆమెకు ముప్ఫై దాటి ఒకటి రెండేళ్లు, వెనక భూములున్నాయి. పల్లిపాడులో గాంధీగారి ఆశ్రమానికి స్థలం ఇవ్వగలిగిన ఇల్లు. ఎరువుల కొట్టు ఇల్లాలికి ఆమెను చూపిస్తే ధైర్యం కంటే దిగులే ఎక్కువ పుడుతుంది.

పిల్లలు లేని నేను ఈ చర్చలో మాట్లాడవచ్చా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. పిల్లలు లేకుండా పొద్దు ఎలా గడపాలి అని మీరు 47లో అడుగుతున్నారు అక్కా. నన్ను ఆ ప్రశ్న ఊరంతా ముప్ఫైలోనే అడిగేసింది. కాబట్టి ఈ ఒక్క సబ్జెక్టులో నేను మీకంటే సీనియర్ని.

అభిరుచులు అన్నీ ప్రయత్నించాను. కుట్లు, అల్లికలు, కుండీల్లో గులాబీలు. ఏదీ ఆరు నెలలు దాటలేదు. గులాబీలకు నేను లేకపోయినా పరవాలేదు, పనిమనిషి నీళ్లు పోస్తుంది. నిలబడింది ఒకటే. శనివారం మధ్యాహ్నాలు ఒక వృద్ధాశ్రమంలో పేకాడతాను. రమ్మీ, పాయింటుకు పది పైసలు. అక్కడ ముగ్గురు ముసలమ్మలు ఉన్నారు, నేను వెళ్లకపోతే నాలుగో చెయ్యి తక్కువవుతుంది. నేను ఊరెళితే వారం ముందే సెలవు చెప్పాలి, లేకపోతే తిడతారు. దయచేసి దీన్ని సేవ అనకండి. 83 ఏళ్లావిడ నా దగ్గర నెలకు నలభై రూపాయలు గెలుచుకుంటోంది.


పెన్నా ఇసుక (కోవూరు) | మంగళవారం, ఉదయం 6.10

నిన్న వడియాల మీద హాస్యమాడి పోయాను. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకని రాస్తున్నాను.

ఇక్కడ అందరూ అమ్మల గురించే మాట్లాడుతున్నారు. మా ఇద్దరు పిల్లలూ ఒకే ఏడాది వెళ్లారు. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాను. ప్లాట్‌ఫారం మీద మా ఆవిడ ఏడ్చింది. నేను పెట్టెలు లెక్కపెట్టాను. మగవాడు అప్పుడు చేయగలిగింది అదే.

ఆదివారం చేపలు కొనడం మా ఇంట్లో నా పని. మైపాడు వైపు నుంచి తెచ్చి అమ్మే ఒకావిడ దగ్గర ఇరవై ఏళ్ల నుంచి రెండు కిలోలు తీసుకుంటున్నాను. పిల్లలు వెళ్లాక కూడా రెండు కిలోలే తూయించాను. "పిల్లలు వచ్చారా అబ్బాయా?" అంది. వచ్చారని చెప్పాను. చేపలమ్మే మనిషికి అబద్ధం చెప్పవలసిన అవసరం నాకేమిటి? అర కిలో అనడానికి నోరు రాలేదు.

ఇంటికి తెస్తే మా ఆవిడ కేకలు వేసింది, ఇంత ఎవరు తింటారని. సరే, నేనే వండుతానన్నాను. మొదటి వారం చింతపండు ఎక్కువై నోట్లో పెట్టుకోలేకపోయాం. రెండో వారం గరిటె పెట్టి తిప్పాను, ముక్కలన్నీ విరిగి ముద్దయింది. గరిటె పెట్టకూడదట, దాక చెవులు పట్టుకుని ఊపాలట. యాభై నాలుగేళ్లు పులుసు తిన్నాను, ఆ సంగతి నాకు తెలియదు. మామిడికాయ ముక్కలు చివరలో వేయాలి, లేకపోతే కరిగిపోతాయి. ఇప్పుడు కుదిరింది. మేడ మీద అద్దెకున్న ఇద్దరు బ్యాంకు కుర్రవాళ్లు ఆదివారం ఊరికి వెళ్లడం మానేశారు. పులుసు సగం వాళ్లకే.


కందుకూరు కోడలు | మంగళవారం, ఉదయం 7.00

అన్నగారూ, కళ్లు చెమర్చాయి, నిజమే. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. వారానికి ఒకసారి వండితే పదిమందికి చెప్పుకునే కథ అవుతుంది, రోజుకు మూడుసార్లు వండితే ఇంటిపని అవుతుంది. మిగతా ఆరు రోజుల సంగతి కూడా రాయండి.


పెన్నా ఇసుక (కోవూరు) | మంగళవారం, ఉదయం 7.12

మిగతా ఆరు రోజులు అంట్లు తోముతున్నాను. నమ్మకపోతే మా ఆవిడను అడగండి.


కావలి అమ్మాయి (ఉండేది బెంగళూరు) | మంగళవారం, రాత్రి 11.50

నాకు 24. మీ మధ్య నేను చిన్నదాన్ని, ఇటు వైపు సంగతి చెబుతాను. కోప్పడకండి.

మొదటి ఏడాది మా అమ్మ రోజుకు నాలుగుసార్లు వీడియో కాల్ చేసేది. తిన్నావా, ఏమి తిన్నావు, ఎందుకు చిక్కిపోయావు. ఎత్తకపోతే నా గదిలో ఉండే అమ్మాయికి చేసేది. ఆఫీసులో మాట్లాడలేక, పెట్టేయలేక నాకు ఏడుపు వచ్చేది. అమ్మ అక్కడ ఒంటరిగా కూర్చుని నా ఫోను కోసమే చూస్తోందని తెలిసి నేనిక్కడ సినిమాకు వెళ్లినా తప్పు చేసినట్టు ఉండేది. పిల్లలే లోకం అని మీరు అనుకుంటారు కదా, మాకు ఆ లోకం చాలా బరువు ఆంటీ.

పోయిన సంక్రాంతి తర్వాత ఒకరోజు నేనే చేశాను. "ఇప్పుడు కుదరదు, మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఒక గంట గడిచాక ఎంత కోపం వచ్చిందో అది కూడా చెప్పలేను. నాకంటే ముఖ్యమైన పని అమ్మకేముంటుంది?

స్కూటర్ నేర్చుకుంటోంది. 51 ఏళ్లకు. తెల్లవారుజామున కాలేజీ మైదానంలో పక్కింటి ఆంటీతో. రెండుసార్లు పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. నాకు చెప్పలేదు, చెబితే వద్దంటానని. నిజంగా అనేదాన్ని.


కలిగిరి పెద్దమ్మ | బుధవారం, ఉదయం 10.30

మా మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెబుతున్నాను. తప్పులుంటే వాడివి.

1992లో మా వైపు రాత్రిబడులు నడిచాయి. అప్పుడు నాకు 28, మా అత్తకు 46. ఇద్దరు కొడుకులూ వేరు కాపురాలు పెట్టారు, కూతురు అత్తారింటికి పోయింది. మామ సాయంత్రమైతే సారా కొట్టు దగ్గర. ఆమె రాత్రిబడికి పోయింది అక్షరాల కోసం కాదు. ఆ వేళకు ఇంట్లో ఉంటే తన్నులు తప్పవు కాబట్టి పోయింది. లాంతరు వెలుగులో పలక మీద దిద్దుతూ నిద్రపోయేది.

దూబగుంట మాకు దూరమేమీ కాదు. అక్కడి ఆడవాళ్లు ముందు కదిలారు, ఊళ్లో సారా కొట్టు తీయించారు. ఆ కథే పాఠంగా పుస్తకంలోకి ఎక్కి మా బడికి వచ్చింది. పక్క ఊరి ఆడవాళ్లు చేసిన పని పుస్తకంలో అచ్చయిందని పంతులమ్మ చదివి వినిపించిన రాత్రి మా అత్త నిద్రపోలేదు. తర్వాత సంగతి అందరికీ తెలుసు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధం. అది రెండేళ్లకే సడలింది, ఆ కథ ఇప్పుడు వద్దు.

నేను చెప్పవచ్చింది తర్వాతి సంగతి. సారా పోయాక చేతిలో రూపాయి నిలిచింది. రోజుకు ఒక రూపాయి దాచుకోమని పొదుపులక్ష్మి పథకం వచ్చింది. మా వీధి గుంపుకు లెక్కలు రాసే మనిషి కావాలి. రాత్రిబడిలో నేర్చుకున్న అంకెలతో మా అత్త ఆ పుస్తకం పట్టుకుంది. పట్టుకున్నది డెబ్బై దాటేవరకూ వదల్లేదు. ఒక్క రూపాయి తేడా వస్తే ఆ పూట అన్నం తినేది కాదు, మమ్మల్నీ తిననిచ్చేది కాదు. బ్యాంకు మేనేజరు ఆమెకు కుర్చీ వేసేవాడు. మామకు వేసేవాడు కాదు.

జీవితానికి అర్థం ఏమిటని మా అత్తను ఎవరూ అడగలేదు. అడిగుంటే తిట్టి పంపేది, పని చెడగొడుతున్నావని.


ఉదయగిరి బస్సు (నెల్లూరు) | బుధవారం, మధ్యాహ్నం 1.15

అందరూ పెద్ద పెద్ద సంగతులు రాశారు. నాది చిన్నది. మంగళవారం మంగళవారం బస్సెక్కుతాను.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. మొదటి వారం భయంగా ఆత్మకూరు దాకా వెళ్లి టీ తాగి తిరిగి వచ్చాను. ఎందుకు వెళ్లావని మా ఆయన అడిగారు. ఊరికే అన్నాను. పెళ్లయిన 29 ఏళ్లలో నేను ఊరికే ఎక్కడికీ వెళ్లలేదు. పెళ్లికో, చావుకో, ఆసుపత్రికో, మొక్కుకో. ఆయన ఆ మాట నమ్మడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పటికి సోమశిల ఆనకట్ట చూశాను. పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమం చూశాను, 1921 ఏప్రిల్‌లో గాంధీగారు వచ్చి ప్రారంభించిన చోటు. మా ఇంటికి ఇంత దగ్గరలో ఉంది, నేనెప్పుడూ చూడలేదు. ఉదయగిరి మూడుసార్లు వెళ్లాను. దుర్గం ఎక్కలేను, మోకాళ్లు ఒప్పుకోవు. కింద కొయ్య చెంచాలు చెక్కే ఆడవాళ్ల దగ్గర కూర్చుంటాను. ఒక్క చెంచా గీకి, రుద్ది, నునుపు చేసేసరికి ఎంతసేపు పడుతుందో చూశాక బేరమాడటం మానేశాను. మా ఇంట్లో ఇప్పుడు పదిహేడు చెంచాలు ఉన్నాయి, ఇద్దరం మనుషులం.

స్వర్ణాల గట్టుగారూ, మీరూ నెల్లూరే కదా.


స్వర్ణాల గట్టు (నెల్లూరు) | మూడు వారాల తర్వాత, ఆదివారం

అందరివీ రెండేసి సార్లు చదివాను. వరసగా చెబుతాను.

సిస్టర్ మాట విని రక్తం ఇచ్చాను. హిమోగ్లోబిన్ 8.9. ఐరన్ మాత్రలు రాశారు. మెట్లెక్కితే ఆయాసం వయసు వల్ల అనుకున్నాను. ఇంట్లో అందరికీ మాంసం ముక్కలు వేసి నాకు పులుసు మిగుల్చుకోవడం అలవాటు. అందరూ వెళ్లిపోయినా అలవాటు పోలేదు.

ఉదయగిరి బస్సుగారితో రెండు మంగళవారాలు తిరిగాను. మనిషి బస్సులో మాట్లాడరు, కిటికీలోంచి చూస్తారు. నాకు నచ్చింది.

మాస్టారూ, కేంద్రానికి వెళ్లాను. కౌంటరు దగ్గర అబ్బాయి "పిల్లల పేరేమిటి మేడమ్?" అన్నాడు. నవ్వొచ్చింది, మీరే గుర్తొచ్చారు. నా పదో తరగతి సర్టిఫికెట్ కోసం ఇల్లంతా వెతికాను. ఇనప్పెట్టెలో మా ఆయన ఎరువుల లైసెన్సు కింద, మా అబ్బాయి పాస్‌పోర్టు ఫోటోల మధ్య దొరికింది. అందులో నా ఇంటిపేరు పుట్టింటిది, ఆధార్‌లో అత్తింటిది. ఇది ఒక చిక్కు. నా పాత పేరు పైకి చదువుకుంటే ఎవరో స్నేహితురాలి పేరులా ఉంది.


ఒంగోలు మాస్టారు | అదే రోజు

సర్టిఫికెట్‌లో ఉన్నట్టే దరఖాస్తులో రాయండి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయించి దగ్గర ఉంచుకోండి. అడిగితే చూపవచ్చు. ఈ చిక్కు దాదాపు ప్రతి ఇల్లాలికీ వస్తుంది. మగవాళ్లకు ఎవరికీ రావడం నేను చూడలేదు.


స్వర్ణాల గట్టు (నెల్లూరు) | మరో ఐదు వారాల తర్వాత

ఫీజు కట్టాను. తెలుగు, చరిత్ర, ఎకనామిక్స్, ఇంకో రెండు. పుస్తకాలు వచ్చాయి. ఎకనామిక్స్‌లో గిరాకీ, సరఫరా పాఠం మా ఆయనకు వినిపిస్తే "ఇది నాకు తెలుసే" అన్నారు. యూరియా కొరత రోజుల ఉదాహరణ చెప్పి పాఠం కంటే బాగా వివరించారు. కొట్టు మూసి వచ్చాక అరగంట కూర్చుంటున్నారు. ఆ మనిషితో నేను పిల్లల గురించి కాకుండా ఇంకో విషయం మాట్లాడి ఎన్నేళ్లయిందో.

అసలు సంగతి ఇది. నిన్న అమ్మాయి ఫోను చేసింది. నెల తప్పిందట. ఏప్రిల్‌లో కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా, ఏడో నెలలో తీసుకువస్తాము. పరీక్షలు కూడా ఆ ఎండాకాలమే. సంతోషంతో ఏడ్చాను. ఫోను పెట్టాక పుస్తకాలు తీసి అలమరలో పెట్టాను. పెట్టినట్టు కూడా నాకు తెలియలేదు. సాయంత్రం మా ఆయన "ఏవి?" అంటే అప్పుడు చూసుకున్నాను.

పైఏడాదికి వాయిదా వేసుకోవడమే మంచిది కదా?


కందుకూరు కోడలు | పది నిమిషాల తర్వాత

పైఏడాది ఆ బిడ్డ పాకుతుంది. ఆ పైఏడాది మీ కోడలికి కాన్పు, జర్మనీ రమ్మంటారు. మా వదిన అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి రావడం ఇప్పటికి మూడుసార్లు. ఆవిడ హార్మోనియం పెట్టె మీద బట్టలు ఆరేస్తున్నారు. పుస్తకాలు అలమరలోంచి తీయండి.


కలిగిరి పెద్దమ్మ | అదే సాయంత్రం

నేను ఒప్పుకోను. కూతురి మొదటి కాన్పు మళ్లీ రాదు, పరీక్ష మళ్లీ వస్తుంది. పసిబిడ్డకు నూనె రాసి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం తల్లి చేతి పని. పుస్తకం ఎక్కడికీ పోదు.


టంగుటూరు సిస్టర్ | అదే రాత్రి

పెద్దమ్మా, మీ అత్తగారు అన్నం మానేసి లెక్కలు చూసుకున్నారని మీరే రాశారు.

పుట్టిన బిడ్డ రోజుకు పదహారు గంటల దాకా నిద్రపోతుంది. కాకపోతే ఒక్క రాత్రి కూడా తిన్నగా పోదు. రాత్రి మూడింటికి మెలకువగా ఉండేవాళ్లకు చరిత్ర పుస్తకం పనికొస్తుంది. అన్ని పేపర్లూ ఒకేసారి వద్దు. రెండు చాలు. మాస్టారు ముందే చెప్పారు.

మాత్రలు ఆపకండి. ఎనిమిది నెలలు నిలబడి చేసే పని ముందుంది.


కావలి అమ్మాయి (ఉండేది బెంగళూరు) | మర్నాడు

ఆంటీ, మీరు చదువుతున్నట్టు మీ అమ్మాయికి తెలుసా?


స్వర్ణాల గట్టు (నెల్లూరు) | మర్నాడు, రాత్రి

తెలియదు. నవ్వుతుందని.


పెన్నా ఇసుక (కోవూరు) | మర్నాడు, రాత్రి

నేను పులుసు వండుతున్నానని మా పిల్లలకు చెప్పిన రోజు నిజంగానే నవ్వారు. తర్వాత కొలతలు రాసి పంపమన్నారు.

ఇంకొక మాట. చదువు రొట్టె ఉందని మీరే రాశారు. అది పిల్లలకే అని ఎవరు చెప్పారు? పండుగ అయిపోయిందని బెంగ వద్దు. ముందు పట్టుకుని తర్వాతే పని మొదలుపెట్టాలని రూలేమీ లేదు. పాసయ్యాక నేరుగా ఇవ్వడానికే దిగండి.


ఒంటరి కాకి (ఒంగోలు) | మర్నాడు, రాత్రి

తప్పితే కూడా దిగండి. ఎండాకాలం చెరువులో నీళ్లు చల్లగా ఉంటాయి.


స్వర్ణాల గట్టు (నెల్లూరు) | శుక్రవారం

చెప్పాను. ఫోనులో కాసేపు చప్పుడు లేదు, లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత "ఏ ఏ సబ్జెక్టులు?" అంది. చెప్పాను. "ఎకనామిక్స్ నోట్సు అటక మీద ఉంటుంది, నీలం అట్ట. పారేయలేదు కదా?" అంది.

ఆ తర్వాత కొంచెం గొంతు మార్చి, "మరి నాకు స్నానం ఎవరు చేయిస్తారు?" అని కూడా అడిగింది. నేనే చేయిస్తానన్నాను. పరీక్ష రోజుల్లో మాత్రం మీ అత్తగారిని రమ్మందాం అన్నాను. ఆ మాట దానికి నచ్చలేదు. నాకూ అంతగా నచ్చలేదు. ఇంకా తేలలేదు.

నోట్సు దొరికింది. వడియాల డబ్బాల వెనక ఉంది. మొదటి పేజీలో మా అమ్మాయి అక్షరాలు, మార్జిన్‌లో నా లెక్క. పాలవాడికి ఇవ్వవలసినవి 212 రూపాయలు.


ఉదయగిరి బస్సు (నెల్లూరు) | శుక్రవారం

మంగళవారం ఏడింటికి బస్టాండులో ఉంటాను. పుస్తకం తెచ్చుకునేటట్టయితే కిటికీ పక్క సీటు మీకు ఇస్తాను. ఈ ఒక్క వారానికే.